స్లాబ్ కింద మనిషి

స్లాబ్ పోసే రోజు అందరూ పైకెక్కుతారు. జైరాం ఒక్కడే కిందికి పోయేవాడు.

కారేపల్లి దగ్గరి తండాలో పుట్టిన జైరాం పనే అది. పైన తట్టల్లో కాంక్రీటు మాలు వచ్చి పడుతుంటే, ఆ బరువంతా మోసే సెంట్రింగ్ కర్రల మధ్య సుత్తి పట్టుకుని తిరగాలి. ఏ కర్ర అడుగున చెక్క వదులైతే దాన్ని కొట్టి బిగించాలి. ఏ మూల కర్ర కిర్రుమన్నా పైకి కేక వేయాలి. అక్కడంతా చీకటి, కారే సిమెంటు నీళ్లు, పచ్చి జామాయిల్ కర్రల వాసన. ఇంకొకరికైతే ఊపిరాడదు. ఏళ్ల తరబడి బొగ్గుబాయిలో డ్రిల్లు పట్టిన కాంట్రాక్టు కూలీకి అదొక లెక్క కాదు. బాయిలో పని పోయాక సెంట్రింగ్‌లో చేరాడు. "పైకప్పు మాట్లాడతది, మనం ఇనాలె అంతే" అని కొత్తవాళ్లకు చెబుతుంటే మేస్త్రీలు కూడా పని ఆపి వినేవారు.

ఆ చెవులే పోతున్నాయని అతని భార్య కమ్లికి ఒక్కదానికే తెలుసు.

మొదట కుక్కర్ కూత వినపడలేదు. తర్వాత వెనకనుంచి వచ్చే బైకు. ఒక పొద్దున రేకుల మీద వాన దంచి కొడుతోంది. జైరాం తలుపు తీసి, తడిసిన వాకిలిని చూసి నిలబడిపోయాడు. అప్పుడు తెలిసింది కమ్లికి, ఎంతదాకా వచ్చిందో. రహస్యం చెప్పుకోవాలన్నా అరవాల్సిందే కనుక, ఆ సంగతి ఎవరూ లేని పత్తిచేలోనే మాట్లాడుకునేవారు.

"దవాఖానకు పోదాం నడువ్."

"పోతే తండకంత తెలుస్తది. కాంట్రాక్టరు వీరన్నకు తెలిస్తే నన్ను మల్ల కింద నిలబెడ్తడా?"

"నిలబెట్టకుంటె పీడ పాయె. నాతోని తట్టలు మోద్దువు."

"ఆడోళ్ల లైన్లనా?" అని నవ్వాడు జైరాం. కమ్లి నవ్వలేదు.

ఇల్లందు రోడ్డు మీద ఫంక్షన్ హాలు పని కాంట్రాక్టరు వీరన్న పట్టాడు. ఇంజనీరు కిషోర్ ఊరికే సంతకం పెట్టి పోయే రకం కాదు. "కర్రలు తీసెయ్యండి, మొత్తం ఇనప జాకీలు పెట్టండి. అడుగున మట్టి మెత్తగా ఉంది, పలకలు వెయ్యండి. చెకింగ్ అంతా ముందే అయిపోవాలి. పోసేటప్పుడు స్లాబ్ కింద మనిషి ఉండటానికి వీల్లేదు" అన్నాడు. "అట్లనే సార్" అన్నాడు వీరన్న. రోడ్డుకు కనపడేంత మేర జాకీలు పెట్టించాడు. స్లాబ్ కింద నిలబడరాదని గేటుకు బోర్డు కట్టించాడు. వెనకంతా జామాయిల్ కర్రలే మిగిలాయి. ఇంజనీరు కారెక్కి పోతుంటే జైరాం గుండె కుదుటపడింది. ఆయన మాట నిలబడితే ముందు పోయేది తన పనే కదా.

స్లాబ్ రోజుకు ముందు వాన పడింది. తెల్లారి పైన మాలు పడుతుంటే, జైరాం కింద కర్ర కర్రకూ అరచెయ్యి ఆనించి చూస్తూ తిరుగుతున్నాడు. చెవులు చేయాల్సిన పని చేతులతో నెట్టుకొస్తున్నాడు. పైన తట్టలు అందుకుంటున్న కమ్లికి ధ్యాసంతా కాళ్ల కిందే ఉంది. చివరికి తట్ట పక్కన పెట్టి నిచ్చెన దిగింది.

"ఏందే కమ్లీ, మొగణ్ని ఇడిసి గడియ ఉండలేవా?" అని లైన్లోంచి సరళ అరిచింది. అందరూ నవ్వారు.

కింద జైరాం ఆమెను చూసి కసురుకున్నాడు. "నువ్వెందుకొచ్చినవ్?"

"నీ చెవులు ఇంటికాడ మర్శినవ్. ఇచ్చిపోదామని వచ్చిన."

ఆమె పెదాలు చూసి సగం అర్థం చేసుకున్నాడు. మొహం తిప్పుకుని ఇంకో కర్ర మీద చెయ్యి వేశాడు. అప్పుడే అతని వెనక, కొత్తగా మట్టి పోసిన వసారా వైపు, ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. మళ్లీ ఒకటి. కమ్లి ముందు చూసింది కర్రల వైపు కాదు, మొగుడి వైపు. అతను అలాగే నిలబడి ఉన్నాడు.

"ఉరుకుండ్రి! పడిపోతున్నది!" అని గొంతు చించుకుని, అంగీ పట్టుకుని అతన్ని బయటికి లాగింది. పైవాళ్లు పక్కనే ఇదివరకు పోసి గట్టిపడిన స్లాబ్ మీదికి దూకారు. వసారా అంతా ఒక్కసారిగా కూలింది. ప్రాణాలు దక్కాయి కానీ సరళ కాలు సెంట్రింగ్ రేకుల కింద పడి నలిగింది.

దుమ్ము ఇంకా అణగలేదు. వీరన్న వెనకనుంచి పిలిచాడు. "జైరాం, నీకెట్ల ఇనబడలే?" జైరాం కదల్లేదు. "ఓ జైరాం!" అని ఇంకా గట్టిగా పిలిచాడు. అప్పటికీ అతను తిరగలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. అడగాల్సింది ఇంకేం మిగల్లేదు.

కమ్లి ఏడ్చింది కానీ లోపల ఎక్కడో తేలికపడింది. ఇకమీదట ఎవరినీ కింద నిలబెట్టరనుకుంది. ఇంజనీరు వచ్చి కేకలు వేసి పోయాడు. ఇంకొన్ని జాకీలు వచ్చాయి, పసుపు హెల్మెట్లు వచ్చాయి. పక్క హాలు స్లాబ్ నాడు వీరన్న ఒక హెల్మెట్, జైరాం సుత్తి తెచ్చి కమ్లి ముందు పెట్టాడు.

"నీ చెవులు మంచియి కమ్లీ. నీతోనే పానాలు దక్కినయ్. ఇగ కింద నువ్వే చూసుకోవాలె."

"సారు ఎవ్వరు ఉండొద్దన్నడు గదా?"

"సారు వచ్చినప్పుడు బయటికి రా. మీ ఇద్దరికి పని గావాల్నా, వద్దా?"

కమ్లి సుత్తి అందుకుని జైరాం వైపు చూసింది. వాళ్ల మాటలు అతనికి అందలేదు. ఆమె చేతిలో తన సుత్తి మాత్రం కనపడింది. అడ్డుపడదామని అడుగు ముందుకు వేశాడు. ఈ పనీ పోతే ఇంటికి వెళ్లి ఏం చేయాలో తోచక ఆగిపోయాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని కిందికి పోయింది.

ఇప్పుడు జైరాం ఆడవాళ్ల లైన్లో, సరళ నిలబడే చోట నిలబడతాడు. కింద కమ్లి కేక వేస్తే అందరూ ఉరుకుతారు, అతనొక్కడే ఉరకడు. ఆ సంగతి అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అతని బెంగ మాత్రం దాని గురించి కాదు. అందరిలా తట్ట ఎత్తి కుమ్మరించడు. వంగి, ఇనప చువ్వల దాకా దించి, కింద కమ్లి దగ్గర కర్రలు అదరకుండా మెల్లగా జారవిడుస్తాడు.

"జల్దీ గానియ్యే అన్నా! మాలు గట్టిపడ్తున్నది!" అని వెనకవాళ్లు అరుస్తుంటారు.

అతనికి వినపడదు. తట్ట తర్వాత తట్ట, అలాగే వంగి పోస్తుంటాడు.