పిక్క పట్టేసిన చోట

ఊరు దాటాక నా ఎడమ పిక్క రోజూ ఒకే చోట పట్టేసేది. అది నాకు తమ్ముడయ్యే మా బాబాయి కొడుకు మిరప చేను గట్టు. అక్కడ రెండు నిమిషాలు నిలబడితే నొప్పి తనంతట తనే పోయేది. మళ్లీ నడిస్తే మళ్లీ వచ్చేది, కానీ ఈలోపు నా చేను వచ్చేసేది.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాది కౌలు సేద్యం. పొలం దర్శిలో ఉండే ఒక ఆసామిది, ఉగాదికి మళ్లీ మాట్లాడుకోవాలి. కాలు ఈడ్చేవాడికి పొలం ఇచ్చేంత మెత్తని మనిషి కాదాయన. అందుకని ఆగినప్పుడల్లా తమ్ముడి పైరు చూస్తున్నట్టు నటించేవాణ్ణి. ఆకు తిరగేసేవాణ్ణి, పూత చూసి తలాడించేవాణ్ణి. పూత నిజంగానే బాగుంది.

మా ఆవిడకి మాత్రం తెలుసు. ఆవిడ దృష్టిలో కారణం చుట్ట. పక్కూరి ఆర్‌ఎంపీ ఒకసారి వాతం అన్నాడు, ఇంకోసారి నడుములో నరం నొక్కుకుందన్నాడు, రెండింటికీ కలిపి ఎర్ర ఇంజెక్షను పొడిచాడు. షుగరేమోనని రక్తం చూపిస్తే లేదన్నారు. ఆ సంతోషంలో ఇంకో చుట్ట కాల్చాను.

అంతలో తమ్ముడి చేనుకి తామర పురుగు పట్టింది. రెండుసార్లు మందు కొట్టినా పూత రాలడం ఆగలేదు. ఒక పొద్దున నేను ఆగే చోట గట్టు మీద దిష్టిబొమ్మ లేచింది. పాత చొక్కా, కుండ తల, ముఖం నా వైపు. మర్నాడు మరదలు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నా ఎదురుగానే నిప్పుల్లో వేసింది.

"నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్దంట," అంది, బొమ్మతో అన్నట్టు.

ఒళ్లు మండింది. అయినా కాలు సంగతి బయటపెట్టలేదు. పాడు కన్ను ఉన్నవాడికి కౌలు ఇస్తారు, పాడు కాలు ఉన్నవాడికి ఇవ్వరు.

చివరికి మా ఆవిడ గుంటూరు లాక్కెళ్లింది. డాక్టరమ్మ నా పాదాల మీద వేళ్లు పెట్టి నాడి వెతికింది. కుడికాలికి దొరికింది, ఎడమకాలికి దొరకలేదు. రక్తనాళం పూడుకుపోతోందట.

"ఎంత దూరం నడిస్తే నొప్పొస్తుందండీ?"

"మా తమ్ముడి చేను దాకా," అన్నాను. డాక్టరమ్మ అది రాసుకోలేదు.

చుట్ట మానకపోతే వేళ్లు నల్లబడతాయని, తర్వాత కాలే తీసేయాల్సి రావచ్చని చెప్పింది. మాత్రలు రాసింది. రోజూ నొప్పొచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవమంది. అంటే వైద్యం కూడా ఆ గట్టు మీదే. ఇక దాచి లాభం లేదని మర్నాడు వెళ్లి తమ్ముడికీ మరదలికీ ఉన్నదంతా చెప్పాను.

తమ్ముడు "కాలా?" అన్నాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందే చెప్పకపోయారా బావగారూ," అంది. "ఆ కళ్లు పడతా ఉన్నన్నాళ్లూ ఏం కొట్టినా దండగేనని మందు ఆపిచ్చింది నేనేనండి. మూడు వారాలైంది."

చేలోకి చూశాను. ఈసారి నిజంగా చూశాను. ఆకులన్నీ ముడుచుకుపోయాయి, పూత లేదు. తల కొట్టేసినట్టయింది.

"కాలు జాగ్రత్త అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

నా కౌలు సంగతి ఉగాదికి తేలుతుంది. తమ్ముడు మొన్న ఆ మిరప చేను దున్నేశాడు. నేను చుట్ట మానేశాను, రోజూ నడుస్తున్నాను. నొప్పి రాగానే అక్కడే ఆగి, అటు చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడుతున్నాను.