పడవల మేస్త్రి రేసు కారు

మా ఆయన పోయాక నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నా మొహంలోకి తొంగి చూసి, పెదవి విరిచి వెళ్ళారు. అన్నం వండాను, తిన్నాను, గిన్నెలు తోమాను. లోపల ఏమీ కదలలేదు. రేకుల షెడ్డులో ఉన్న ఆయన కారు కూడా వెళ్ళిపోతే ఇక చూడటానికి ఏమీ ఉండదు, అదే మంచిదనుకున్నాను. మా అమ్మాయి కొనేవాణ్ణి వెతికి పెట్టింది. సరేనన్నాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లాండులో కొందరు కుర్రాళ్ళు ఓ చిన్న షెడ్డులో రేసు కార్లు కట్టేవారట. ఆదివారం పందెం, సోమవారం మళ్ళీ రిపేరు. నాలుగు రాళ్ళు మిగలక కొన్నాళ్ళకి మూసేశారు. వాళ్ళు కట్టిన వాటిలో ఒకటి బాగన్ దాతుక్ కొబ్బరితోట దొరతో ఇక్కడికి, మలేషియాకి, వచ్చింది. ఆ దొర వదిలేసి పోతే, ఎండుకొబ్బరి కొట్టంలో దాని నిండా కోళ్ళు గుడ్లు పెట్టేవి. మా ఆయన దాన్ని మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌కి లాక్కొచ్చాడు. ఆయన చేపల పడవలు బాగుచేసే మేస్త్రి. కారు ఒళ్ళు కూడా పడవల్లాగే గాజుపీచూ, దాన్ని గట్టిపరిచే రెజిన్ జిగురూ అని తెలిశాక ఇక పట్టపగ్గాల్లేవు. పిడికెడు బరువు తగ్గించడానికి ఆ ఇంగ్లీషువాళ్ళు నిద్రలు మానుకున్నారట. ఈయన మాత్రం పొర మీద పొర వేసి, “కెరటం కొట్టినా పగలకూడదు” అనేవాడు. రోడ్డు మీద కెరటం ఎక్కడిదంటే ఇంకో పొర వేసేవాడు.

కారు కొనడానికి కౌలాలంపూర్ నుంచి ఒక చీనా అబ్బాయి ఇద్దరు కూలీలతో లారీ వేసుకుని వచ్చాడు. పాత కార్లను పుట్టినప్పుడు ఎలా ఉండేవో అలా తిరిగి చేయడం అతని పని. చుట్టూ తిరిగి వేలితో తట్టి చూశాడు. మా ఆయన వేసిన పొరలన్నీ గీకేస్తానన్నాడు. తలూపాను. డ్రైవరు పక్కనుండే ఎడమ సీటు దగ్గర ఆగి, మలాయిలో అడిగాడు.

“ఆంటీ, ఈ ఒక్క సీటు కింద నేల ఇంత ఎత్తుగా ఎందుకు లేపారు? ఇది కూడా కోసెయ్యాలి.”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కారు నడిచిన మొదటిరోజున ఒక్కసారే అందులో కూర్చున్నాను. నేను పొట్టిదాన్ని. “ఏటిది, కారా, నీళ్ళ తొట్టా? ఆకాశం తప్ప ఏటీ అవుపడ్డం నేదు!” అని దిగిపోయాను. ఆ తర్వాత ఆదివారం వస్తే చాలు, ఆయన తాళాలు పట్టుకుని “వస్తావేటి?” అనేవాడు. “నీ తొట్టిలో నువ్వే ఊరేగు లా,” అనేదాన్ని, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి. నవ్వి, ఒక్కడే వెళ్ళేవాడు.

ఇప్పుడు తలుపు తీసి ఆ ఎడమ సీట్లో కూర్చున్నాను. ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించింది. మలుపు కనిపించింది, అక్కడ చేపల బుట్ట కట్టుకుని పోతున్న మోటార్‌బైకు కనిపించింది. నా కళ్ళకి సరిగ్గా సరిపోయే ఎత్తు.

ఏడుపు వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. కోపం వచ్చింది, ఒళ్ళు మండేంత కోపం. అన్ని ఆదివారాలు రమ్మని అడిగిన మనిషి, సీటు ఎత్తు చేశానని ఒక్క ముక్క చెప్పలేకపోయాడా?

లారీ వెనక తలుపు దించారు.

“అమ్మా, దిగు లా. ఆళ్ళు సూస్తన్నారు,” అంది అమ్మాయి.

“ఆళ్ళని పొమ్మను,” అన్నాను.