పెద్దమ్మ బంతిలో ఏడుగురు అతిథులు

పోయిన వారం నాగేపల్లిలో మా దగ్గరి చుట్టాల పెండ్లికి వెళ్ళాను. టెంటు కింద బల్లలు వరసగా పెట్టి, ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు తోడుకునే భోజనాలు. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో ఫోను, తినడానికి మూడో చెయ్యి లేక జనం పడుతున్న అవస్థ చూస్తే నవ్వొచ్చింది. నాకు నిలబడి తింటే తిన్నట్టే ఉండదు. నా నెరిసిన జుట్టు చూసి ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. నేను కుర్చీని పక్కకు జరిపి, గోడ వారగా పరిచిన టార్పాలిన్ మీద మఠం వేసుకుని కూర్చున్నాను. మా చెల్లెలి కోడలు పరుగెత్తుకొచ్చి, "అయ్యో పెద్దత్తా, కింద కూసున్నవేంది? జనం ఏమనుకుంటరు?" అని గాబరా పడింది. "మా పెద్దమ్మ ఉంటే నిన్ను గూడ నా పక్కన కూసోబెట్టేది బిడ్డా" అన్నాను. ఆ పిల్లకు మా పెద్దమ్మ ఎవరో తెలియదు. ఆమె గురించి ఇంతకాలం చెప్పకపోవడం నా తప్పే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. సిరోంచలో ఉండేది. మా పెద్దబాపు చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసి కన్నుమూశాక, పిల్లలు లేని ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేక, జింగనూర్ వైపు అడవి ఊళ్ళ నుంచి పై తరగతుల చదువుకు వచ్చిన ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుంది. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు పదిమందయ్యారు, నేను చెప్పబోయే నాటికి ఇరవై దాటారు. మగపిల్లలు ముందు గదిలో, ఆడపిల్లలు వెనక వరండాలో పడుకునేవారు. బోర్డు లేదు, పేరు లేదు, అందరూ 'అవ్వ ఇల్లు' అనేవారు. పిల్లలు తమలో తాము గోండి మాట్లాడుకునేవారు, బడిలో మరాఠీ, అవ్వతో తెలుగు. బడి మొహం చూడని మా పెద్దమ్మ ఆ మూడు భాషల్లోనూ ధారాళంగా తిట్టేది. ఆమె ఇంట్లో ఒకటే చట్టం. ఒక్క కుండ, ఒక్క బంతి. వండింది ఎవరికైనా అదే, తినేవాళ్ళు ఎవరైనా పిల్లలతో ఒకే వరసలో నేల మీద కూర్చోవాలి. ఒకసారి తహసీల్ కచేరి నుంచి ఒక పెద్ద సాహెబ్ వస్తే, "సాహెబ్, బూట్లు ఇడిసి జర ఇటు జరుగున్రి, పొల్లకు జాగ లేదు" అని ఆయననూ బంతిలో ఇరికించింది. ఆయన పుంటికూర పప్పు మూడుసార్లు అడిగి వేయించుకుని వెళ్ళాడు. అందరికీ వడ్డించి, చివర్న తను కూర్చుని, కుండ అడుగున మిగిలింది తనే వడ్డించుకునేది. ఎందుకింత పట్టుదల అని నేనెన్నడూ అడగలేదు. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఇక ఆ బృందం సంగతి. మా తమ్ముడు సంఘంలో కార్యదర్శి. కంప్యూటరు మీద ఉత్తరాలు రాసి రాసి, ఎక్కడో సముద్రాల అవతలి చర్చి నుంచి ఏడుగురిని సిరోంచకు రప్పించాడు. పది రోజులుండి, ఆడపిల్లలకు ఒక గది తమ చేతులతో కట్టిపెడతామన్నారు. వానాకాలంలో ఆ వరండాలోకి జల్లే కాదు, పాములు కూడా వచ్చేవి. ఆ ఏడాది ఒక పిల్ల చాప కిందే కట్లపాము దొరికింది. కాబట్టి ఆ గది మాకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు నెల ముందు నుంచే పరేషాన్. మగపిల్లలను ముందు అరుగు మీదికి మార్చి ముందు గదికి సున్నం వేయించాడు, లాడ్జి నుంచి పరుపులు తెచ్చాడు, దోమతెరలు కట్టించాడు, నీళ్ళ డబ్బాలు దించాడు, మరుగుదొడ్డిలో ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి పెట్టాడు. ఆ కుర్చీని చూడ్డానికి వాడంతా వచ్చింది. నేను అప్పటికి మరాఠీ బడిలో టీచరును. ఇంట్లో ఇంగ్లీషు ముక్కలు వచ్చింది నాకూ తమ్ముడికే కాబట్టి, బడికి సెలవు పెట్టించి నన్ను తర్జుమాకు కూర్చోబెట్టాడు.

వాళ్ళు నది వంతెన దాటి రెండు బండ్లలో వచ్చారు. అందరికీ ఒకే రంగు బనీన్లు, వాటి మీద ఏదో రాసి ఉంది. "ఏం రాసిన్రే?" అని పెద్దమ్మ అడిగింది. "పరదేశంలో పిల్లల సేవ అని రాసుంది పెద్దమ్మా." "ఏ పరదేశం?" "మనదే." పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "మనది పరదేశమెట్లయితది? వచ్చినోళ్ళు గదా పరదేశపోళ్ళు!" అని విరగబడి నవ్వింది. వాడలో వాళ్ళంతా దొరలొచ్చిన్రు, దొరసానులొచ్చిన్రు అంటుంటే మాత్రం ఆమెకు కోపమొచ్చింది. "దొరలు పోయి ఎన్నేండ్లాయె? ఇంకా ఎవల దొర?" అని గదమాయించి, వాళ్ళకు పెద్దగా వచ్చిన ఆవిడను చెల్లె అని పిలిచింది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, అరవై పైబడ్డ వయసు, మోకాళ్ళు సరిగా వంగవు, అయినా ఇటుకలు మోయడంలో కుర్రాళ్ళకు తీసిపోలేదు.

మొదటి రోజు పెద్దమ్మ అతిథులు తినలేరని పప్పులో కారం తగ్గించింది. కుండ ఒకటే కనుక పిల్లలకూ చప్పిడి కూడే. బంతి వేసింది, పిలిచింది. ఎవరూ రాలేదు. వాళ్ళు చేతులు జోడించి నవ్వి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, వాళ్ళు తమ తిండి తామే డబ్బాల్లో తెచ్చుకుంటామని ముందే రాశారట. మా తమ్ముడు ఆ మాట పెద్దమ్మకు చెప్పే ధైర్యం లేక దాచిపెట్టాడు. ఇప్పుడు ఆమె, "ఏరా, రారేంది?" అని నిలదీసేసరికి వాడి నోట్లోంచి ఊడిపడ్డ మాట, "ఉపవాస ప్రార్థనల ఉన్నరు పెద్దమ్మా. గది లేసేదాంక అన్నం ముట్టరట, చాయ్, పండ్లు అంతే!" సంఘంలో పెరిగినవాడు కనుక అంత పవిత్రమైన అబద్ధం తట్టింది. ఇంకెవరైనా అయితే కడుపునొప్పి అని ఊరుకునేవారు.

ఆ అబద్ధం పెద్దమ్మ గుండెకు సూటిగా తగిలింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "ఉపాసముండి ఇటుకలు మోస్తున్నరా! అతిథి కడుపు మాడుతుంటే ఇంటామె ఎట్ల తింటదిరా?" అని తనూ ఉపవాసం పట్టింది. డెబ్బై దాటిన మనిషి, చాయ్, రెండు అరటిపండ్ల మీద రోజంతా పొయ్యి ముందు పనిచేసింది. తమ్ముడు నాకు నిజం చెప్పి, "అక్కా, నీ కాళ్ళు మొక్కుత, చెప్పకే" అని బతిమాలాడు. రెండో రోజు ఆమె బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడింది. అప్పుడైనా నేను చెప్పాల్సింది. "ఒక్క ముద్ద తిను పెద్దమ్మా" అని బతిమాలాను గానీ నిజం చెప్పలేదు. గోడలు అప్పుడప్పుడే నేల మీంచి లేస్తున్నాయి. ఆమె కోపం తెలుసు కాబట్టి, గది ఎక్కడ ఆగిపోతుందోనని నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులు నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగో రోజు పొద్దున వాళ్ళంతా పనిలో ఉండగా పెద్దమ్మ నీళ్ళు పెట్టడానికి వాళ్ళ గదిలోకి వెళ్ళింది. మూలన గోనెసంచిలో ఖాళీ అయిన చేపల డబ్బాలు, బిస్కెట్ పొట్లాల కాగితాలు కనబడ్డాయి. ఒక డబ్బా చేతిలో పట్టుకుని బయటకు వచ్చింది. నా ముఖం చూసింది. "నీకు ఎరుకేనా?" అంది. నేను తల దించుకున్నాను. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట పప్పులో కారం మామూలుగానే వేసింది.

ఆ మధ్యాహ్నమే పిల్లలకు తామే వడ్డించాలని అతిథులకు బుద్ధి పుట్టింది. ఫొటోలు కూడా తీసుకుందామనుకున్నారు. పిల్లలు బంతిలో కూర్చుని భోజనం పాట పాడటం అయ్యాక, వాళ్ళ పెద్దామె నవ్వుతూ గరిటె అందుకుంది. పెద్దమ్మ వెళ్ళి ఆ గరిటె ఆమె చేతిలోంచి తీసేసుకుంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

"చెల్లె, నా పొల్లలకు నువ్వు వడ్డియ్యకు" అంది. "నాకు పదేండ్లప్పుడు మా అవ్వతోని వరి కోతలకు పోయిన. పొద్దుగూకేదాంక కోసినం. ఆసామి ఇంటోళ్ళు లోపట తిన్నరు. మాకు పసుల కొట్టం కాడ ఆకులేసిన్రు. చెయ్యి తాకుతదని నిలవడి గింతెత్తుకెల్లి అన్నం పడేసిన్రు. సగం పెండల పడ్డది. ఏరుకొని తిన్నం. నాకంటూ ఇల్లుంటే ఒక్క కుండ, ఒక్క బంతే అని ఆ పొద్దే అనుకున్న. లోపట తలుపేసుకొని తిని, బయటికొచ్చి నిలవడి వడ్డిచ్చేటోళ్ళు నా ఇంట్ల వద్దు. గది కట్టకపోతే పాయె. నా పొల్లలు వరండాలనే పంటరు." తర్వాత నా వైపు తిరిగి, "చెప్పు" అంది.

నేను అయిదారేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. పక్కన తమ్ముడు కంగారులో మరాఠీలోకి దిగి, "సగ్ళం సాంగూ నకో" అని గొణిగాడు, అంతా చెప్పకు అని. వాడి భయం నాకు అర్థమైంది. కంటి ముందు నడుమెత్తు గోడలు, వాటి పక్కన ఆడపిల్లల చాపలు కనబడుతూనే ఉన్నాయి. ఏదో ఒకటి అల్లి, "ఆమె అలసిపోయింది, మీరు కూర్చోండి అంటోంది" అని చెబితే గండం గడిచేది. కానీ పెద్దమ్మ నా పెదవుల వైపే చూస్తోంది. ఇంగ్లీషు రాకపోయినా ఆమెను మోసం చేయడం ఎవరి తరం? నా బడి ఇంగ్లీషులో, వ్యాకరణం ఎటు పోతే అటు పోనిమ్మని, పెండ సహా అంతా చెప్పాను. ఉపవాసం అబద్ధమూ చెప్పాను, మూడు రోజులుగా ఆమె వాళ్ళ కోసం తినలేదనీ చెప్పాను. తమ్ముడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నా ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పారు, ప్రశంసాపత్రాలు ఇచ్చారు. గర్వంగా చెప్పుకోదగ్గ పని మాత్రం ఆ రోజు చేసిందే.

అతిథుల పెద్దామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. పిల్లల అన్నంలో వాటా తీసుకోవడం పాపమని, వాళ్ళకు భారం కావద్దని తమ సంఘంలో చెప్పి పంపారట. జబ్బు పడతామన్న భయం కూడా ఉందని దాచకుండా ఒప్పుకుంది. నేనది తెలుగులో చెబితే పెద్దమ్మ, "పొల్లల కూడు పంచుకుంటే తరుగుతదా? పిచ్చిదానా!" అంది. ఆ మాట నేను తర్జుమా చేయకముందే ఆవిడ బూట్లు విప్పడం మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లలు చెరో రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు. మిగిలిన ఆరుగురూ వచ్చారు. వాళ్ళలో తాడిచెట్టంత కుర్రాడు ఒకడు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నానా యాతన పడ్డాడు. పప్పు నోట్లో పెట్టగానే ఏడుగురి కళ్ళలోనూ నీళ్ళు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతూ మజ్జిగ చెంబులు అందించారు. ఆ సాయంత్రం ఇద్దరికి కడుపు చెడిన మాట నిజమే, పెద్దమ్మ వాము నీళ్ళు తాగించింది. గది మాత్రం ఆగలేదు, వాళ్ళు వెళ్ళేలోపు పైకప్పు పడింది. ఈనాటికీ ఆడపిల్లలు అందులోనే పడుకుంటున్నారు.

అయితే నాకు గుర్తుండిపోయింది గది కాదు. ఆ పూట అందరూ తిని లేచాక పెద్దమ్మ ఎప్పటిలాగే బంతి చివర కూర్చుని, కుండ దగ్గరికి లాక్కుంది. అతిథుల పెద్దామె అది చూసి, ఈమెకు ఎవరు వడ్డిస్తారు అని నన్ను అడిగింది. ఇన్నేళ్ళు ఆ బంతిలో తిన్నాను, ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఆవిడ గరిటె తీసుకుంది. ఈసారి పెద్దమ్మ అడ్డుకోలేదు. వంగడానికి మోకాళ్ళు సహకరించక ఆవిడ ఒక చెయ్యి నేలకు ఆనించి మోకరిల్లింది, కంచానికి గరిటె ఆనించి, ఒక్క మెతుకు కింద పడకుండా అన్నం పెట్టింది. పెద్దమ్మ ఆ అన్నం వైపు చాలాసేపు చూసి, చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇంకొకరు తన ముందు వంగి అన్నం పెట్టడానికి మా పెద్దమ్మకు ఒక జీవితకాలం పట్టింది. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నం ఏ తొందరా పడకుండా, "ఇంకొంచెం పెట్టు చెల్లె" అని రెండోసారి అడిగి పెట్టించుకుని మరీ తిన్నది.