క్లచ్ లేని కారు

మా ఆయన ఎడమ మోకాలు వంగదు. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో దాని మీద ఇనుప దూలం పడింది. అప్పటినుంచి బస్సు మెట్టు ఎక్కలేరు, ఆటోలో కాలు ముడుచుకుని కూర్చోలేరు. రిటైరయ్యాక చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయారు. అప్పుడు బ్యాంకులో పనిచేసే మన తెలుగాయన ఒకరు బదిలీ మీద వెళ్తూ తన పాత కారు అమ్మితే కొన్నాం. దానికి క్లచ్ లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది. నడపడానికి కుడికాలు ఒక్కటి చాలు. ఆ కారు వచ్చాకే ఆయన మళ్ళీ గుమ్మం దాటారు. ఆదివారం చర్చికి, మధ్యలో ఒకరోజు హుగ్లీ నది అవతల గార్డెన్ రీచ్‌లో ఉన్న పాత స్నేహితుడి ఇంటికి. నేను పక్క సీట్లో.

కిందటి వానాకాలం చివర కారు మొరాయించడం మొదలుపెట్టింది. లీవరు ముందుకు పోయే గేరు ‘డి’లో పెడితే వెంటనే కదిలేది కాదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో కదిలేది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకునేది, బండి మాత్రం ముందుకు పోయేది కాదు.

“ఏటే ఇది, మొండెద్దునాగ సతికిలబడిపోతంది!” అనేవారాయన.

ఆ పక్క సీట్లోనే నేను రాయడం అలవాటు చేసుకున్నాను. అంతకుముందు ఏడాదే, యాభైతొమ్మిదో ఏట, మా కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. “రోజూ నాలుగు మాటలు రాయకపోతే మర్చిపోతారత్తయ్యా” అని తను ఒక నోటుపుస్తకం ఇచ్చింది. ఏం రాయాలో తోచక కళ్ళముందు జరిగేదే రాసేదాన్ని. ‘వంతెన మలుపులో జారింది. తిన్నగా ఉన్న రోడ్డు మీద బాగానే పోయింది. చర్చి దగ్గర మూడు లెక్కపెట్టాక కదిలింది.’ అలా ఉండేవి నా రాతలు.

ఆ రోజుల్లోనే ఇంకో తలనొప్పి. మా ఎదురింటి బెంగాలీ ఆయన్ని అన్నలా దాదా అంటాను, నన్ను ఆయన వదినలా బౌదీ అంటాడు. ఆయన సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని మా ఆయనతో టీ తాగేవాడు. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. కారు నిలిపేది ఆ అరుగు పక్కనే, గోడవార. పొద్దున్నే చూస్తే అక్కడ నేల మీద ఎర్రటి మరకలు. రోజూ ఫినాయిల్ పోసి, చీపురుతో రుద్ది కడిగేదాన్ని. రెండు నెలలు ఓర్చుకుని ఒకరోజు అడిగేశాను.

“దాదా, ఉమ్మడానికి మా గోడే దొరికిందా?”

“నేనా? అమ్మ మీద ఒట్టు బౌదీ, నా పాన్ నా ఇంటి కాలవలోనే ఉమ్ముతాను!”

“మరెవరు? కాకులు పాన్ నములుతున్నాయా?”

దాదా గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయాడు. మర్నాటినుంచి అరుగు మీదికి రాలేదు. నేనూ తగ్గలేదు. సుద్దముక్క తెచ్చి గోడ మీద ‘ఇక్కడ ఉమ్మవద్దు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆయన కిటికీలోంచి చూసి నవ్వారు.

“ఈ గల్లీలో తెలుగు సదివేది మనమే. నేనుమ్మను, నువ్వూ ఉమ్మకు, సాలు.”

తర్వాత కారు మరీ పాడైంది. మా వీధి చివర మెకానిక్ ఒక చుట్టు తిప్పి తెచ్చి, బానెట్ అయినా ఎత్తకుండా, “గేర్‌బాక్స్ ఖతం. ఇంత పాత బండికి కొత్తది వెయ్యడం దండగ. కబాడీకి ఇచ్చెయ్యండి” అన్నాడు. మా ఆయన అది విని, పాత ఇనుము కొనేవాణ్ణి సోమవారం రమ్మన్నారు. ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని, ఒక్కో తలుపూ తుడుస్తూ కారు కడిగారు.

“ఇచ్చేసేదానికి కడగడమెందుకండీ?”

“మురికిగా పంపుతామేటే?”

“మరి మీరు?”

“నాకేటి? కుర్సీ ఉంది, కిటికీ ఉంది.”

ఆ మాటకి రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. చర్చిలో ఒకావిడకి ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే, ఏక్‌బాల్‌పూర్‌లో ఒక తెలుగు మెకానిక్ ఉన్నాడనీ, ఇలాంటి గేర్‌బాక్సులు అతనికి బాగా తెలుసుననీ చెప్పింది. ఆయన వద్దంటున్నా శనివారం బయల్దేరదీశాను. హుగ్లీ మీద రెండో వంతెన ఎక్కే మలుపులో కారు జారిపోతుంటే, వెనకవాళ్ళు హారన్లతో మా చెవులు చిల్లులు పొడిచారు. ఆయన చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి.

ఆ మెకానిక్‌ది తాతలనాడే పోర్టులో కూలికి వచ్చిన కుటుంబం. అతని తెలుగులో సగం హిందీ.

“ఆగండి మావయ్యా, ముందు బండి హాల్ ఎలా ఉందో చెప్పండి. ఎప్పుడు జారుద్ది? తిన్నగా పోతున్నప్పుడా, మలుపులోనా?”

“ఎప్పుడూ అంతే” అన్నారాయన.

నేను నోటుపుస్తకం తీసి చదివాను. వేలు పెట్టి, మెల్లగా. అతను విసుక్కోకుండా చివరిదాకా విన్నాడు.

“మలుపులోనా, ఎత్తులోనా! అయితే ఆయిల్ ఒక పక్కకి పోయి పంపుకి అందట్లేదు పెద్దమ్మా. గేర్ ఆయిల్ కమ్ ఉంది.”

మా ఆయనకి రోషం వచ్చింది. “తక్కువేటి? పతీ ఆదివారం సూస్తాను.”

నేనూ వెనకేసుకొచ్చాను. “ముప్పై అయిదేళ్ళు వర్క్‌షాపులో చేసిన మనిషి బాబూ. పొద్దున్నే, బండి స్టార్ట్ చెయ్యకముందే, చల్లగా ఉన్నప్పుడు, తెల్లగుడ్డతో తుడిచి మరీ చూస్తారు.”

అతను నవ్వాపుకున్నాడు. “గల్తీ అక్కడే ఉంది. ఇంజన్ ఆయిల్‌కి అది సహీ. ఈ బండి గేర్ ఆయిల్‌కి మాత్రం ఇంజన్ నడుస్తుండాలి, వేడిగా ఉండాలి. ఆపేస్తే పైనున్న ఆయిలంతా కిందికి దిగి, నిండుగా ఉన్నట్టు చూపిస్తాది.”

ఇంజను నడుస్తుండగానే ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగాడు. చివర మాత్రమే తడిసింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“మాడిన వాసన లేదు. రంగు కూడా మారలేదు. లోపల ప్లేట్లు కాలలేదు మావయ్యా, మీ గేర్‌బాక్స్ బతికే ఉంది” అంటూ పుల్లని గుడ్డకి తుడిచాడు. గుడ్డ ఎర్రగా అయింది. “మరి ఆయిల్ ఎక్కడికి పోతోంది? బండి పెట్టే చోట ఇలాంటి మరకలేమైనా చూశారా?”

“మరకలా? మా ఇంటిది నేల అద్దంనాగ ఉంచుతాది” అన్నారు మా ఆయన గర్వంగా.

ఆ గుడ్డనే చూస్తూ, “నేను పాన్ అనుకున్నాను” అన్నాను.

ఇద్దరికీ ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెకానిక్ పాత టైరు మీద కూలబడి నవ్వాడు. మా ఆయన బానెట్ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “పాపం, కాకుల్ని కూడా తిట్టింది!” అన్నారు. ఆ నవ్వు విని ఎన్ని వారాలైందో.

రేడియేటరు వైపు పోయే రబ్బరు గొట్టం ఒకటి పగిలి, అందులోంచి గేర్ ఆయిల్ చుక్కచుక్కగా కారుతోంది. అతను గొట్టం మార్చి, ఆయిల్ పోసి, బండి తిప్పి తెచ్చి, మా ఆయన చేతే మళ్ళీ కొలిపించాడు. ఇంజను నడుస్తుండగా, వేడిగా ఉన్నప్పుడు.

తిరుగు ప్రయాణంలో అదే వంతెన. మలుపు వస్తుంటే నేను పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నాను. కారు గొంతు పెంచలేదు, తడబడలేదు, మెత్తగా గేరు మార్చుకుని ఎక్కేసింది. ఆయన నావైపు తిరగకుండానే “రాసుకో” అన్నారు. పుస్తకం తెరిచి ‘వంతెన మలుపులో జారలేదు’ అని రాశాను.

మా గల్లీ మలుపులో కారాపించి మీఠా పాన్ కట్టించుకుని, తిన్నగా ఎదురింటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. దాదా పాన్ విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇందులో గేర్ ఆయిల్ లేదు కదా బౌదీ?”

ఆ సాయంత్రమే మళ్ళీ అరుగు మీదికి వచ్చాడు. గోడ మీద ఏం రాశావని అడిగితే దాచకుండా చెప్పాను. “అయ్యో, మీ దేవుడి వాక్యమనుకుని రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటున్నాను!” అన్నాడు.

సోమవారం కబాడీవాడు వచ్చాడు. పాత పేపర్లు ఇచ్చి పంపించాం.

ఇప్పుడు పొద్దున్నే లేవగానే కారు కింద చూడటం నా పని. చాలారోజులు నేల పొడిగానే ఉంది. మొన్న మాత్రం గోడవార ఒక ఎర్రటి మరక. మళ్ళీ గొట్టం కారుతోందేమో అనుకుని, కొంగు దోపుకుని వంగి వాసన చూశాను. జర్దా వాసన గుప్పుమంది. పానే. ఎవరిదో నేనడగలేదు. ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి, హాయిగా కడిగేశాను.