కాటమ్మ నవ్వు

కాటమ్మ మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లు ఆరబోసే మనిషి. మొన్నటి ఎండాకాలం వాంతులు పట్టుకుని, ఒంట్లో ఉప్పు బాగా పడిపోయి సోయి తప్పింది. దవాఖానలో ఉప్పు సెలైన్ గబగబా ఎక్కించారు. మర్నాడే లేచి కూర్చుని అందరినీ పేరుపేరునా పలకరించింది. వారం తిరక్కుండానే నాలుక మందమై, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. ఉప్పు అంత తొందరగా పెరిగితే మెదడు దెబ్బతింటుందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఇప్పుడు కోడలు సంతోషి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. మిగతా పొద్దంతా వాకిట్లో కుర్చీలో కూర్చుంటుంది. రోడ్డుమీద లారీలు, ఎండలో తేలే ఊక దుమ్ము, పలకరించే మొఖాలు, అన్నీ నీళ్లడుగు నుంచి చూస్తున్నట్టు కనిపిస్తాయి. లోపల మాట నిండుగానే పుడుతుంది, పెదవి దాటేసరికి కరిగిపోతుంది. నవ్వు మాత్రం పిలవకుండానే వస్తుంది. దుఃఖమొచ్చినా నవ్వే.

అక్క నాంచారమ్మ మొగుడు ఈదయ్య చనిపోతే నేరేడుచర్లకు ఆటోలో తీసుకెళ్లారు. శవం పక్కన కూర్చోబెట్టగానే కాటమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. చుట్టూ ఏడుపులు ఆగిపోయాయి.

"పీనుగ ముందట గిదేం నవ్వు?" అన్నారెవరో.

"అత్తమ్మకు రోగంతోని వస్తది, కావాలని కాదు," అంటూ సంతోషి ఆమెను లేపబోయింది.

నాంచారమ్మ జరిగి వచ్చి, చెల్లెలి గదవ పట్టుకుని కళ్లలోకి చాలాసేపు చూసింది. తల ఒళ్లోకి తీసుకుంది.

"లేపకు బిడ్డా," అంది. "నా చెల్లె ఏడుస్తున్నది."