పరీక్షకు పోనన్న అమ్మ

మొన్న కోడలిని స్కానింగ్‌కు తీసుకెళ్లాను. పుట్టబోయేది ఆడో మగో చెప్పరని గోడ మీద బోర్డు ఉంది. అది చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల్లో వరంగల్ బజారులో మాకు కిరాణా దుకాణం ఉండేది. అక్కా నేనూ, ఇద్దరం ఆడపిల్లలం. అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. ఒకరోజు మా పెద్ద మేనత్త వచ్చి, "సరోజా, హైదరాబాదుల పరీక్ష చేస్తాండ్రట. ఆడపిల్లయితే తీపిచ్చుకోవచ్చు" అంది.

ఒకటో తరగతి చదివే నాకు పరీక్ష అన్న మాటే అర్థమైంది. అమ్మకు చదువు రాదు కదా! పలక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. "అమ్మా, జర అ ఆలు నేర్చుకో. లేకుంటే ఫెయిలైతవ్."

మేనత్త పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, తలవంచుకుని కూర్చున్న నాన్న వైపు చూసింది.

"గా పరీక్ష ముందే ఉంటే ఈ పిల్ల ఉండేదా? నేను పోను. ఎవలు పుట్టినా నా పిల్లనే."

నాన్నకు ఏనాడూ ఎదురు చెప్పని మనిషి. ఆ మాట అన్నప్పుడు కూడా గొంతు పెంచలేదు. నాన్న తలెత్తి మేనత్తతో, "ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టక్కా" అన్నాడు.

చెల్లెలు పుట్టింది. నడక వచ్చిన దగ్గర్నుంచీ బజారులో మగపిల్లలతోనే గోలీలాడేది, అందరినీ ఓడించేది. తన ఈడు ఆడపిల్లలు అక్కడ దాదాపు లేరు. అమ్మలా కాదనగలిగిన వాళ్లు ఎంత తక్కువో, నేను అమ్మనయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.