పురుగుల ఇంట్లో కంప్యూటర్

మా కంప్యూటర్లో బ్రౌజర్ పదిహేనో నిమిషానికి నిలిచిపోయేది. పద్నాలుగు నిమిషాలు బుద్ధిగా పనిచేసేది. ఆ తర్వాత పేజీ తెల్లబడేది, బాణం గుర్తు ఇసుక గడియారంగా మారేది, పైన నీలం పట్టీలో 'నాట్ రెస్పాండింగ్' అని పడేది. కాసేపటికి మౌస్ కూడా కదలడం మానేసేది. ఆపేసి వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఈసారి ఐదు నిమిషాలకే మొరాయించేది. నా భార్య నింపాల్సిన అర్జీకి ఎంత తొందరపడినా ఇరవై నిమిషాలు పట్టేది. పది రోజుల పాటు మా ఇంట్లో జరిగిన రభసంతా ఆ కాస్త తేడా గురించే.

అర్జీ ప్రాథమిక పాఠశాల టీచరు ఉద్యోగానికి. ఆమె పెళ్లికి ముందే టీసీహెచ్ అనే టీచరు ట్రైనింగ్ మంచి మార్కులతో పూర్తి చేసింది. పెళ్లయ్యాక కైవారం దగ్గర మా ఊరికి వచ్చి పట్టుపురుగులకు ఆకు వేస్తూ ఉండిపోయింది. పోస్టులకు అర్జీలు పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకసారి కాన్పు, ఇంకోసారి మా నాన్న జబ్బు. ఈసారి తప్పితే మళ్లీ పిలిచేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఇదివరకు కాగితం మీద రాసి పోస్టులో పంపేవాళ్లు, ఈసారి ఇంటర్నెట్‌లోనే నింపాలన్నారు. పేపర్లో ఆ మాట చదివి నేను మీసం మెలేసినంత పని చేశాను.

"ఊర్లో ఇంటర్నెట్ ఉండేది మనింట్లోనే గదా. నువ్వు గడప దాటే పని లేదు. కూర్చున్న చోటే అర్జీ వేస్తావు" అన్నాను.

ఆ కంప్యూటర్ని బెంగళూరులో ఏదో ఆఫీసు వాళ్లు వాడి వదిలేస్తే, పాతవి అమ్మే అంగడిలో కొన్నాను. చిక్కబళ్లాపురంలో మూడు నెలలు కోర్సు చేసినవాణ్ణి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి గోడకు తగిలించినవాణ్ణి, నాకు తెలియనిదేముంది? అంగడివాడు సీపీయూ పెట్టెకు వెనక ఉన్న మరమేకు మీద ఒక కాగితం సీలు అంటించి, అది చిరిగితే గ్యారంటీ పోతుందన్నాడు. గ్యారంటీ ఆరు నెలలు. "వేడికీ దుమ్ముకూ దూరంగా పెట్టండి సార్" అని కూడా చెప్పాడు. ఆ రెండో మాట నేను వేదవాక్కులా పట్టుకున్నాను.

మా ఇంట్లో వేడీ దుమ్మూ లేని చోటు ఒక్కటే, పట్టుపురుగుల్ని పెంచే గది. దాన్ని పురుగుల ఇల్లు అంటాం. వంటగదిలో పొగ. ట్రాక్టరు పోయినప్పుడల్లా రోడ్డంతా ముందు గదిలోకి వచ్చి కూర్చునేది. పురుగుల ఇంటికి మాత్రం కిటికీలకు సన్నటి జాలీ, తలుపుకు తెర, ఎండాకాలం గోడలకు తడి గోనెపట్టాలు. మా ఇంట్లో మనుషులకంటే పురుగులకే సౌకర్యం ఎక్కువ. చెప్పులతో లోపలికి పోకూడదు, గడప దగ్గర కాళ్లు కడుక్కోవాలి, సెంటు పూసుకున్నవాణ్ణీ బీడీ తాగినవాణ్ణీ మా అమ్మ దరిదాపులకు రానిచ్చేది కాదు. అలాంటి చోట కంప్యూటర్ పెడతానంటే ఆమె ఊరుకుంటుందా?

"పురుగులుండే చోట ఆ యంత్రమేమిటికిరా? దాని గాలి తగిలి పంట పోతే ఎవుడు జవాబు చెప్పల్ల?" అంది.

"దాంట్లో గాలేముంటాదమ్మా? ఊరికే కూర్చోనుంటాది" అన్నాను. చివరికి మూలలో ఒక బల్ల వేసుకోనిచ్చింది. ఫోన్ తీగ అక్కడిదాకా లాగాను. వచ్చినవాళ్లందరికీ మా కంప్యూటర్ ఏసీ గదిలో ఉందని చెప్పుకునేవాణ్ణి. రెండేళ్లు అది అక్కడే ఉంది.

ఆ ఇంట్లో నాకు అప్పజెప్పిన పని కూడా ఒకటుండేది. పురుగులు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉంటాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఆ సమయంలో తట్టల్లో తడి ఉండకూడదని సున్నపు పొడి చల్లుతారు. పలుచని గుడ్డలో పొడి మూటగట్టి తట్టల మీద దులపడం నా వంతు. పంటకు నాలుగు జ్వరాలు, ఏడాదికి ఐదారు పంటలు. పొదుపు లేకుండా, ధారాళంగా దులిపేవాణ్ణి. గది కాసేపు మంచు పట్టినట్టుండేది. అంత బాగా చేసే పని నాకు ఇంకొకటి లేదని మా అమ్మ కూడా ఒప్పుకునేది.

సరే, బ్రౌజర్ సంగతి. మొదటి రోజే ఆమె సగం అర్జీ నింపాక అది నిలిచిపోయింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు, కులం సర్టిఫికెట్ నంబరు, అన్నీ పోయాయి. చింతామణిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు ఫోన్ చేశాను. పాత పేజీల చెత్త పేరుకుంటే అట్లా అవుతుంది, టెంపరరీ ఫైళ్లు తుడిచేయమన్నాడు. తుడిచాను. హిస్టరీ తుడిచాను. కుకీలు తుడిచాను. పదిహేనో నిమిషంలో నిలిచిపోయింది. బ్రౌజర్ నెత్తిన టూల్‌బార్లు ఎన్ని ఉన్నాయని అడిగాడు. లెక్కపెడితే నాలుగు. ఎప్పుడు ఎక్కి కూర్చున్నాయో తెలియదు, ఒకదాంట్లో పసుపు పచ్చ మొహాలు నవ్వుతున్నాయి. ఒక్కొక్కదాన్ని తీసేశాను. నవ్వే మొహాలది మాత్రం తీసిన ప్రతిసారీ మళ్లీ వచ్చి నవ్వేది.

మూడో రోజు ఆయన్నే బతిమాలి బండి మీద రప్పించాను. మా అమ్మ గడప దగ్గరే ఆపేసింది. ఒంటి మీద సెంటు గుప్పుమంటోందని. "నాలుగో జ్వరానికి కూర్చునే పురుగులప్పా, తప్పుగా అనుకోవద్దు" అంది. పాపం ఆయన ఎండలో నిలబడి, కిటికీ జాలీకి మొహం ఆనించి, అది నొక్కు ఇది నొక్కు అని కేకలేశాడు. లోపల నేను నొక్కాను. ఆయన చెప్పినట్టే కొత్త బ్రౌజర్ దించుకున్నాను, దానికి ఒక పూట పట్టింది. అదీ నిలిచిపోయింది.

ఐదో రోజు పెట్టెను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని చింతామణి మోసుకుపోయాను. ఆయన మొత్తం తుడిచి మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పెట్టె విప్పి చూడవా అంటే, "సీలుండాది గదప్పా, నేను చించితే రేపు నన్నంటావు. ఇది సాఫ్ట్‌వేర్ కంప్లైంటే" అన్నాడు. బ్రౌజర్ తెరిచి నాకు పది నిమిషాలు చూపించాడు. గుర్రంలా పరుగెత్తింది. ఇంటికి తెచ్చి తగిలిస్తే పదిహేనో నిమిషంలో ఆగిపోయింది. దాని మీద పేకాట ఆడితే గంటసేపైనా ఏమీ కాదు, అదొక మంట. బ్రౌజర్ తెరిస్తేనే చావు.

ఇక్కడ నా బుద్ధి ఎంత గొప్పగా పనిచేసిందో చెప్పాలి. ప్రతిసారీ ఏదో ఒక మరమ్మతు చేసి, బాగుందో లేదో నేనే పది నిమిషాలు చూసుకునేవాణ్ణి. బాగుండేది. అప్పుడు, "వచ్చి నింపు" అని ఆమెను పిలిచేవాణ్ణి. ఆమె ఆకుగంప దించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేది. ఒక వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి, ఆకు తుంచినట్టు గట్టిగా నొక్కేది. ఐదు నిమిషాల్లో నిలిచిపోయేది. నాకు పనిచేసింది, ఆమెకు ఆగిపోయింది. ఇంకేం కావాలి సాక్ష్యం?

"నువ్వు ముట్టినప్పుడే నిలిచిపోతాది చూడు! అట్ల గుద్దితే ఏ బ్రౌజర్ తట్టుకుంటాది?" అని అరిచాను. మర్నాడూ అరిచాను. ఆ మర్నాడు, "నువ్వు దాని జోలికి రావద్దు, దూరంగా నిలబడుకొని చెప్పు" అన్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్న సామెత ఇంకెవరి కోసమో పుట్టిందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

ఆమె రెండుసార్లు మెల్లగా అంది, "చింతామణిలో ఇంటర్నెట్ సెంటర్ ఉండాది గదా, ఒక పూట పోయొద్దాం పదప్పా" అని. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని సెంటర్‌కు పోతే నలుగురూ నవ్వరా అన్నాను. ఊళ్లో ఆ నలుగురెవరో ఇప్పుడు తలచుకుంటే ఒక్క మొహమూ గుర్తు రాదు.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. పొద్దున బస్సు వేళకు ఆమె మంచి చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి పట్టుకుని వాకిట్లో నిలబడింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "ఒక్కసారి, ఒకేఒక్కసారి చూస్తా" అన్నాను. బస్సు పోయింది. పదకొండుకు నిలిచిపోయింది. పన్నెండుకు నిలిచిపోయింది. ఒంటిగంటకు నేను కీబోర్డును బల్ల మీద ఎత్తి కొట్టాను. తర్వాతి బస్సు అందుకుని పోయినా సెంటర్లో వరుసలో నిలబడి నింపేసరికి ఐదు దాటుతుంది. ఆమె మంచి చీర మార్చుకుని, ఆకుగంప ఎత్తుకుని పురుగుల ఇంట్లోకి వచ్చింది.

మేత వేసే ముందు ఆమెకొక అలవాటు. ప్రతి తట్ట మీదా చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెట్టి, వేడి ఎంతుందో చూసుకుంటుంది. ఆ వరసలోనే నా బల్ల దాకా వచ్చి, పెట్టె మీద కూడా చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఇదేంటికప్పా ఇంతగా కాలతాండాది? దీనికి గాలి ఆడతాందా?" అంది.

"నీకు తెల్దులే, నువ్వు ఆకెయ్‌పో" అన్నాను.

ఆమె కదల్లేదు. పెట్టె వెనక్కి వంగి, గాలి పోయే రంధ్రాల్ని గోటితో గీకింది. గోటి కింద తెల్లగా ఏదో వచ్చింది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"సున్నం" అంది.

అప్పుడు నేను ఆ కాగితం సీలు చించాను. గ్యారంటీ ముగిసి ఏడాదిన్నర అయ్యుంటుంది. మూత తీస్తే లోపల వెల్ల వేసినట్టుంది. రెండేళ్లుగా నేను ధారాళంగా దులిపిన సున్నమంతా ఫ్యాను పీల్చుకుంది. గోనెపట్టాల తేమకు అది గట్టిపడి, రెక్కలకూ దాని కింద ఉన్న అల్యూమినియం పలకలకూ గారలా పట్టుకుంది. ఫ్యాను వేలితో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగింది. పేకాటకు ఆ యంత్రానికి కష్టం లేదు. ఇంటర్నెట్ పేజీ తెరిస్తే పని ఎక్కువై వేడెక్కేది, గాలి లేక పదిహేను నిమిషాల్లో కళ్లు తేలేసేది. నేను పది నిమిషాలు కాచి, మిగిలిన ఐదు ఆమె చేతికిచ్చేవాణ్ణి. తిట్లు మాత్రం మొత్తం ఆమెకే.

మా అమ్మ తలుపు తెర తీసి చూసింది. "పురుగులకు చల్లమంటే యంత్రానికీ చల్లితివా నాయనా" అంది. ఇంకో రోజైతే ఆ మాటకు ఎగిరిపడేవాణ్ణి.

పిల్లపురుగుల్ని తట్టలోకి సర్దే కోడి ఈక తెచ్చి నా భార్య రెక్కలు దులిపింది, పిన్నీసుతో పలకల సందులు నేను గీకాను. గంటన్నర పట్టింది. పెట్టెనూ ఫోన్ తీగనూ వరండాలోకి మార్చి, మూత తీసే ఉంచి ఆన్ చేశాం. ఫ్యాను గుయ్యిమంది. అంత చప్పుడు చేయగలదని నాకు అంతవరకూ తెలియదు. మూడున్నర అయింది. పది నిమిషాలు. పదిహేను. ఇరవై. పేజీ తర్వాత పేజీ తెరుచుకుంటూనే ఉంది.

"రా, కూర్చో" అన్నాను.

వచ్చి కూర్చుంది కానీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నువ్వే కొట్టప్పా, నేను చెప్తా" అంది. వాదించే వేళ కాదు. ఆమె మార్కులన్నీ కాగితం చూడకుండా చెప్పింది, నేను కొట్టాను. నాలుగున్నరకు ఆఖరి పేజీ వచ్చింది. పై వివరాలన్నీ నిజమని అభ్యర్థి ఒప్పుకునే బటన్ ఒక్కటే మిగిలింది. అదైనా ఆమె నొక్కాలి కదా. మౌస్ ఆమె వైపు జరిపాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మౌస్ దాకా తెచ్చి ఆపింది. నా మొహం వైపు చూసి, "ఇప్పుడు ముట్టచ్చునా?" అని అడిగింది.

దెప్పుతోందేమోనని చూశాను. దెప్పి ఉంటే బాగుండేది. నిజంగానే అడిగింది. తన చేతిలోనే ఏదో దోషం ఉందని పది రోజుల్లో నేను ఆమెను నమ్మించేశాను. ముట్టమని తల ఆడించాను. ఆమె గట్టిగా కాకుండా, నిద్రపోయే బిడ్డను తాకినట్టు నొక్కింది. అర్జీ నంబరు వచ్చింది. దాన్ని క్యాలెండర్ వెనక రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, మేత వేళ దాటిపోయిందంటూ పురుగుల ఇంట్లోకి పరుగెత్తింది.

ఉద్యోగం వచ్చింది. వాళ్ల బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు పిల్లలకు నేర్పింది కూడా ఆమే. ఒకసారి ఏదో పని మీద పోయి తలుపు దగ్గర నిలబడి విన్నాను. "భయమేమిటికి, ముట్టండి, ఏమీ కాదు" అని పిల్లలకు చెబుతోంది. మా ఇంట్లో ఆ తర్వాత రెండు కంప్యూటర్లు మారాయి. ఇంట్లో మాత్రం ఆమె ఇప్పటికీ కంప్యూటర్ ముందు కూర్చోబోతూ, నేను ఎక్కడున్నానో చూసి, "ముట్టచ్చునా?" అని అడుగుతుంది.